లారా విఆర్‌ఎస్‌కి బుష్‌లు: కారంతా నల్ల పాలీ వేయించే ముందు

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ప్రశ్న క్లుప్తంగా. 2012 స్కోడా లారా విఆర్‌ఎస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 1,10,000 కి.మీ. తిరిగింది. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), లోయరింగ్ స్ప్రింగులు (బండి ఎత్తు తగ్గించేవి) పాత ఓనరే చేయించాడు. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు ఎడమవైపు టక్ అంటోంది. ఓఆర్‌ఆర్ మీద 100 దాటితే స్టీరింగ్‌కి నిలకడ లేదు. బ్రేకు గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగుతోంది. మెకానిక్ రెండు లోయర్ ఆర్మ్‌లూ (ముందు చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేతులు) కొత్తవి వేసేద్దామంటున్నాడు. ఫ్రెండ్సేమో కారు మొత్తానికి నల్ల పాలీ (పాలీయురేతేన్) బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఫ్యాక్టరీ రబ్బరు బదులు పెట్టేవి, ఉన్నవాటిలోకెల్లా గట్టివి, వేయించమంటున్నారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు మద్రాస్ రేస్ ట్రాక్‌కి వెళ్లాలని కోరిక. రోజూ ఆఫీసుకి వెళ్లేదీ ఈ కారే.

ఈ చివరి ముక్క మీరు ఊరికే రాసినట్టు రాశారు గానీ బ్రదర్, సమాధానమంతా దాని మీదే ఆధారపడి ఉంది. నేను ఇదే కారు పదకొండేళ్లుగా నడుపుతున్నా. మీ ఫ్రెండ్స్ చెప్పిన పని నేను ఒకసారి చేశా. ఏడాది తిరక్కుండా అందులో సగం ఊడదీయించుకున్నా కూడా. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

ముందు ఏమీ కొనకండి. టక్ అన్న ప్రతి చప్పుడూ బుష్‌ది కాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర టక్ అంటే నేను మొదట అనుమానించేది యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) డ్రాప్ లింక్‌ని, ఆ తర్వాత స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్‌ని, ఆ తర్వాత బాల్ జాయింట్‌ని. బుష్ నాలుగోది. కానీ బ్రేకు కొడితే లాగడం, వేగంలో స్టీరింగ్ తేలినట్టుండడం, ఈ రెండూ కలిశాయంటే మాత్రం లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీదికే వేలు పోతుంది.

దాన్ని తేల్చుకోవడానికి లిఫ్ట్ కూడా అక్కర్లేదు. కారు చదునైన నేల మీద ఉండాలి, బరువు చక్రాల మీదే ఉండాలి. ఫోన్‌ని వీడియో మోడ్‌లో పెట్టి, టార్చ్ వేసి, ఎడమ ముందు చక్రం వెనకాల నేల మీద ఆనించండి. కెమెరాకి ఆర్మ్ వెనక చివర, అది దూరే అల్యూమినియం బ్రాకెట్ కనిపించాలి. తర్వాత మీరు సీట్లో కూర్చుని, ముందుకి ఒక అడుగు కదిలి చటుక్కున బ్రేకు, రివర్సులో ఒక అడుగు కదిలి చటుక్కున బ్రేకు. అయిదారు సార్లు చాలు. కింద మనిషిని మాత్రం పడుకోబెట్టొద్దు, ఫోన్ పోతే ఫోనే పోతుంది. వీడియో చూస్తే ఆర్మ్ చివర బ్రాకెట్‌లో ఎంత జరుగుతోందో తెలిసిపోతుంది. రెండు మూడు మి.మీ. మెత్తగా కదిలి వెనక్కి వస్తే సహజమే, రబ్బరు పనే అది. ఒక్కసారిగా జారి, చివర్న టక్కుమని తగిలి ఆగిందంటే లోపల చిరిగిపోయింది.

లిఫ్ట్ మీద గడ్డపార లాంటి ప్రై బార్ పెట్టి ఎత్తి చూస్తే చిరుగు కంటికి కూడా కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది మోసపోతుంటారు. రబ్బరు పైన సన్నటి పగుళ్లు ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ వచ్చేవి, ముసలాయన మొహం మీద ముడతల్లాంటివి. వాటిని చూపించి బుష్ పోయిందనే మెకానిక్‌ని నమ్మకండి. చూడాల్సింది రబ్బరు ఇనుప స్లీవ్‌ని అంటుకుని ఉన్న అంచు. అక్కడ విడిపోయి సందు కనిపించినా, బార్ పెట్టి ఎత్తితే పగులు నోరు తెరిచినా, ఆ బుష్ పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు బుష్ ఏం చేస్తుందో కొంచెం చెప్పుకుందాం, ఎందుకంటే ఏది వేయాలన్నది దీంట్లోంచే వస్తుంది.

ఫ్యాక్టరీ రబ్బరు బుష్‌లో ఏదీ దేని మీదా జారదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండిటికీ అంటుకుపోయేలా ఉడికించిన రబ్బరు. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఆ రబ్బరే మెలి తిరిగి మళ్లీ తన స్థితికి వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు, కిచకిచ ఉండదు. పైగా అన్ని దిక్కుల్లోనూ ఒకేలా గట్టిగా ఉండదు. మన లారాలో ఆర్మ్ వెనక బుష్ కోసి చూస్తే లోపల కావాలనే వదిలిన ఖాళీలు కనిపిస్తాయి. చక్రం గుంటలో పడినప్పుడు కొద్దిగా వెనక్కి జరగనివ్వాలి, మలుపులో పక్కకి మాత్రం జరగనివ్వకూడదు, అందుకు ఆ ఏర్పాటు. ఆ ఖాళీలే మనకి సుఖం, ఆ ఖాళీలే పాతబడ్డాక తలనొప్పి కూడా.

ఎంత బలం పడుతుందో చిన్న లెక్క. కారు అటూ ఇటుగా 1,400 కిలోలు. మంచి టైర్లతో పూర్తి బ్రేకు వేస్తే 1 జీ, అంటే బండి బరువంత బలం దాకా వస్తుంది. అందులో 70 శాతం ముందు చక్రాలే మోస్తాయనుకుంటే ఒక్కో ముందు టైరు దగ్గర 490 కిలోల లాగుడు. బ్రేకు బలం పుట్టేది నేల దగ్గర, ఆర్మ్ ఉండేది దానికి కాస్త పైన, స్ట్రట్ పై చివర ఎక్కడో బానెట్ కింద. ఆ తూకం వల్ల ఆర్మ్ మీద పడేది 490 కన్నా ఎక్కువే. దీన్నంతా వెనక్కి పోకుండా పట్టి ఉంచేది ప్రధానంగా ఆ రెండు బుష్‌లే. ఎడమది చిరిగి కుడిది బాగుంటే ఎడమ చక్రం ఎక్కువ వెనక్కి పోతుంది, టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, బండి లాగుతుంది. ఫ్యాక్టరీలో 160 పీఎస్, 250 ఎన్‌ఎమ్ ఉన్న ఇంజన్‌కి రీమ్యాప్ చేశాక ఇదే కథ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తిరగబడి నడుస్తుంది: చక్రం బుష్‌ని ముందుకి లాగుతుంది. రెండో గేర్లో తొక్కితే స్టీరింగ్ చేతిలో మెలికలు తిరగడం అందుకే.

పాలీయురేతేన్ సంగతి వేరు. మామూలుగా అమ్మే పాలీ బుష్‌లో లోపలి స్టీలు స్లీవ్ పాలీకి అంటుకుని ఉండదు, దాంట్లో తిరుగుతుంది. రబ్బరు మెలి తిరుగుతుంది, పాలీ జారుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. జారేది కాబట్టి గ్రీజు కావాలి. గ్రీజు పోతే కిచకిచమంటుంది, దుమ్ము చేరితే అరుగుతుంది. పైగా జారడం ఒకే ఇరుసు చుట్టూ అయితేనే దానికి హాయి. ఆర్మ్ ఒక పక్క తిరుగుతూ ఇంకో పక్క వంగాల్సిన చోట పాలీ పెడితే బిగుసుకుపోతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణలు రెండున్నాయి. మాజ్దా ఎమ్ఎక్స్-5 మొదటి రెండు తరాలకి నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్లు (చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్). ఆర్మ్‌లు ఎక్కువగా తలుపు రెక్కల్లా ఒకే ఇరుసు మీద తిరుగుతాయి కాబట్టి వాటికి పాలీ వేసుకున్నవాళ్లు సుఖంగానే ఉన్నారు. బీఎమ్‌డబ్ల్యూ ఈ46 వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ముందువైపు నుంచి పట్టి ఉంచే చేయి) బుష్ దీనికి పూర్తిగా ఉల్టా. ఆ ఆర్మ్ పైకి పోతూనే పక్కకీ వంగాలి, కొంచెం మెలి కూడా తిరగాలి. అక్కడ గట్టి పాలీ పెడితే సస్పెన్షన్ మధ్యలో పట్టేస్తుంది. అందుకే ఆ కార్లవాళ్లలో తెలివైనవాళ్లు ఫ్యాక్టరీ రబ్బరే ఉంచి, పక్కకి కదలకుండా రెండు వైపులా పల్చటి లిమిటర్ బిళ్లలు వేసుకుంటారు. మరీ రేసుకైతే స్ఫెరికల్ బేరింగ్ (రబ్బరు లేని ఇనుప గుండు కీలు).

మన లారా వెనక కూడా మల్టీ లింకే (ఒక్కో చక్రానికి పలు ఆర్మ్‌లుండే రకం). వెనక చక్రం ముందున్న ట్రెయిలింగ్ ఆర్మ్‌ది ఇంచుమించు ఇదే బాపతు.

నేను అది తెలియక చేశా. నాలుగు మూలలా నల్ల 95 షోర్ (గట్టిదనం కొలత) సెట్టు, పెట్టె విప్పినప్పుడు పెళ్లి నగలు చూసినంత సంబరం. మొదటి ఆదివారం తెల్లారి ఓఆర్‌ఆర్ మీద ముందు భాగం అద్భుతం, స్టీరింగ్‌కి ఎముక వచ్చినట్టుంది. వెనక భాగం మాత్రం వంతెనల అతుకుల మీద గంతులేసేది. చిన్న చిన్న ఎత్తుపల్లాలకి స్ప్రింగు కదలడం లేదు, బుష్‌లే పట్టేస్తున్నాయి. వర్షాకాలం అయ్యేసరికి కిచకిచ మొదలైంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మూడో అంతస్తులో మా ఆవిడకి తెలిసేది నేను వచ్చానని. పాత మంచం చప్పుడే, తేడా లేదు. చివరికి వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌లకి మళ్లీ ఫ్యాక్టరీ రబ్బరు వేయించా. బండి వేగం ఏమీ తగ్గలేదు. మద్రాస్ ట్రాక్‌లో తడబాటు తగ్గింది. కాస్త ఎత్తుపల్లాలున్న చోట వెనక టైర్లు నేలని వదలకుండా ఉండడమే దానికి కారణమని నా నమ్మకం.

గట్టిదనం లెక్క షోర్ ఏ స్కేల్లో చెప్తారు. మామూలు ఫ్యాక్టరీ రబ్బరు 50 నుంచి 65 మధ్యలో ఉంటుంది. పవర్‌ఫ్లెక్స్ అనే పాలీ బుష్‌ల బ్రాండ్ వాళ్ల పసుపు రంగుది 70 ప్రాంతం, ఊదా 80, నల్లది 95. కానీ రంగు చూసి గట్టిదనం చెప్పే అలవాటు ఆ ఒక్క బ్రాండ్‌కే వర్తిస్తుంది. ఎనర్జీ సస్పెన్షన్ వాళ్ల నలుపులో గ్రాఫైట్ కలుస్తుంది, జారుడు కోసం. అక్కడ నలుపంటే గట్టిదని అర్థం కాదు. ఇంకో మాట: 80 షోర్ పాలీ, 60 షోర్ రబ్బరు కన్నా మూడో వంతు మాత్రమే గట్టిదని లెక్కేసుకోవద్దు. ఆ స్కేలు సూది ఎంత దిగుతుందో చెప్తుంది తప్ప బుష్ ఎంత కదులుతుందో చెప్పదు. రబ్బరు బుష్‌లో ఖాళీలున్నాయి, పాలీది నిండు దిమ్మ. చేతిలో తేడా చాలా ఎక్కువ తెలుస్తుంది.

మీ కారుకి నేనైతే ఇలా చేస్తా.

లోయర్ ఆర్మ్ వెనక బుష్, అంటే అసలు దొంగ అని నా అనుమానం ఉన్నది. దానికి ఖాళీల్లేని నిండు రబ్బరు బుష్ వేయించండి. ఇదే ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన రెండో తరం ఆడి టీటీకి ఆ రకం వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ మార్క్ 5 వాళ్లు ఏళ్లుగా అదే తెచ్చి వేసుకుంటున్నారు. పాలీ వల్ల వచ్చే లాభంలో నా అంచనాకి ముప్పాతిక వంతు దీంట్లోనే వస్తుంది, గ్రీజు గొడవ లేదు, చప్పుడు లేదు. ఆర్డర్ పెట్టే ముందు మీ బ్రాకెట్ లోపలి వ్యాసం, ఆర్మ్ చివర పిన్ను కొలిపించండి. ఇండియాలో ఈ కార్లకి దొరికిన భాగమల్లా వేసేసి ఉంటారు, పాత ఓనర్ ఏ ఆర్మ్ పెట్టాడో తెలీదు.

ఆర్మ్ ముందు బుష్ చిన్నది. ఫ్యాక్టరీదే కొత్తది చాలు. మరీ కావాలంటే ఊదా పాలీ, అక్కడ కదలిక దాదాపు ఒకే ఇరుసు మీదే కాబట్టి ఇబ్బంది పెట్టదు.

మీ మెకానిక్ ఆర్మ్ మొత్తం మార్చాలన్నది పూర్తిగా తప్పు కాదు. ఆర్మ్ వంగి ఉన్నా, తుప్పు తిన్నా మార్చాల్సిందే. ఊరికే బుష్ కోసం అయితే అక్కర్లేదు. ఒకటి మాత్రం చూసుకోండి: మార్కెట్లో దొరికే చవక ఆర్మ్‌కి వచ్చే బుష్ ఏ రబ్బరుదో చెప్పేవాడుండడు. అలాంటిది కొనేకన్నా పాత ఆర్మ్‌కే మంచి బుష్ ప్రెస్ చేయించడం మేలు.

ఇంజన్ కింద ఉండి అది ఊగకుండా పట్టుకునే డాగ్‌బోన్ మౌంట్‌కి పసుపు రకం పాలీ ఇన్సర్ట్ వేయించండి. ఈ మొత్తం జాబితాలో చవక పని ఇదే, తొక్కగానే తెలిసేదీ ఇదే. గేరు మార్చినప్పుడు ఇంజన్ ఊగడం తగ్గుతుంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలు గెంతడం తగ్గుతుంది. ఐడిల్‌లో కొంచెం వణుకు వస్తుంది, ఏసీ వేస్తే ఇంకొంచెం. అక్కడ నల్లది వేస్తే అద్దంలో వెనక బండి రెండుగా కనిపిస్తుంది, నవ్వులాట కాదు.

వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ ఫ్యాక్టరీ రబ్బరే, చెప్పాగా. యాంటీ రోల్ బార్ బుష్‌లకి పాలీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ముందువైపుది మార్చాలంటే సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్‌లు బిగించి ఉండే కింది చట్రం) దించాలి కాబట్టి వేరే పని మీద అది దిగినప్పుడే చేయించుకోండి. స్ఫెరికల్ బేరింగులు మీకు వద్దు. దుమ్ములో, ఈ గుంటల్లో రోజూ తిరిగే బండికి వాటి ఆయుష్షు నెలల్లో ఉంటుంది, ప్రతి గులకరాయి చప్పుడూ సీట్లోకి వస్తుంది.

ఇక బిగింపు. బుష్‌లు పోయిన కార్లు ఇప్పటిదాకా నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. కొత్త బుష్ ఏడాదిలో పోయిందని వచ్చినవాళ్లలో ఎక్కువమంది కథ ఒకటే: సరుకు మంచిదే, బిగించింది తప్పు.

రబ్బరు బుష్ మెలి తిరుగుతుందని చెప్పా కదా. బోల్టు బిగించగానే లోపలి గొట్టం అక్కడే లాక్ అయిపోతుంది. అంటే ఏ ఎత్తులో బిగిస్తే ఆ ఎత్తే రబ్బరుకి విశ్రాంతి స్థానం. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే ఏమవుతుంది? ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు, చక్రం మామూలు ఎత్తు కన్నా 9 సెంటీమీటర్లు కిందికి దిగిందనుకోండి. బండి నేల మీదికి దించగానే రబ్బరు దాదాపు 15 డిగ్రీలు మెలి తిరిగి, ఇక అలాగే ఉండిపోతుంది, రాత్రీ పగలూ. స్పీడ్ బ్రేకర్ వస్తే దాని మీద ఇంకా మెలిక. ఎవరి మెడనైనా అలా తిప్పి పట్టుకుని ఆఫీసుకి పంపితే ఎన్నాళ్లు ఉంటాడు?

నాకు ఒక గ్యారేజీలో ఇదే చేశారు. కొత్త ఒరిజినల్ బుష్‌లు, 8,000 కి.మీ.కి రెండూ స్లీవ్ దగ్గర చిరిగాయి. అడిగితే 'సరుకే అట్లా వస్తోంది సార్' అన్నారు. ఆ తర్వాత నుంచి నేను పక్కనే నిలబడి చేయించుకుంటా.

పద్ధతి ఇది. ఏదీ విప్పకముందు, బండి నేల మీద ఉండగా, ఖాళీ ట్యాంకు కాదు సగం ట్యాంకు, చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి నాలుగు మూలలా కొలవండి. నా బండికి ముందు 355 మి.మీ., మీది లోయరింగ్ స్ప్రింగుల మీద ఉంది కాబట్టి వేరే ఉంటుంది. మార్కర్‌తో ఇన్సులేషన్ టేపు మీద రాసి ఫెండర్‌కి అంటించేయండి, మెకానిక్ మర్చిపోడు. అన్నీ అమర్చాక బోల్టులు వేలితో తిరిగేంత వదులుగా ఉంచి, హబ్ (చక్రం బిగించే భాగం) కింద జాకీ పెట్టి ఆ కొలత వచ్చేదాకా ఎత్తాలి. కారు లిఫ్ట్ మీద నుంచి లేచిపోతోందేమో చూసుకుంటూ ఎత్తాలి. ఆ ఎత్తులో ఆఖరి బిగింపు. టార్క్ రెంచ్ లేని చోట ఈ పని చేయించొద్దు. ఈ కారులో సస్పెన్షన్ బోల్టులు చాలావరకు ఒకసారి సాగదీసి బిగించే రకం: ముందు టార్క్, తర్వాత ఇన్ని డిగ్రీల తిప్పుడు అని మాన్యువల్లో ఉంటుంది. అవి కొత్తవే వేయాలి. తర్వాత 'ఓసారి టైట్ చేద్దాం' అని ఎవరైనా పానా పట్టుకుంటే ఆపండి. బిగించిన రోజే బోల్టు తల మీదుగా పక్క ఇనుము మీదికి తెల్ల పెయింట్ గీత గీయించండి. గీత కలిసి ఉన్నంతకాలం అది కదల్లేదు, అంతే.

పాలీకి ఈ ఎత్తు గొడవ లేదు, లోపల జారుతుంది కాబట్టి. ఆ ఒక్క సుఖం దానికుంది.

ఇందులోంచే ఇంకో అనుమానం వస్తోంది నాకు. పాత ఓనర్ లోయరింగ్ స్ప్రింగులు వేయించినప్పుడు బుష్ బోల్టులు వదులు చేసి కొత్త ఎత్తులో మళ్లీ బిగించాడా? పదిలో తొమ్మిది మంది చేయరు. స్ప్రింగు మార్చడానికి వాటిని ముట్టుకోనక్కర్లేదు, అందుకని అవి పాత ఎత్తులోనే లాక్ అయి, మెలి తిరిగి బతుకుతుంటాయి. మీ బుష్ పోవడానికి వయసు కన్నా ఇదే కారణం అయ్యుండొచ్చు.

వెనక బ్రాకెట్ విప్పేటప్పుడు మరో జాగ్రత్త. సబ్‌ఫ్రేమ్ బోల్టు ఒకటి కూడా దాంతో కలిసి వస్తుంది. సబ్‌ఫ్రేమ్ పక్కకి రెండు మి.మీ. జరిగినా ముందు క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలే కోణం) ఒక పక్క పెరిగి ఇంకో పక్క తగ్గుతుంది, ఈ కారులో ముందు క్యాంబర్‌కి వేరే సర్దుబాటు లేదు మరి. విప్పకముందే సబ్‌ఫ్రేమ్ చుట్టూ పెయింట్ గుర్తులు. ఖాళీలున్న ఫ్యాక్టరీ బుష్‌నే మళ్లీ వేయిస్తుంటే అది ఏ దిక్కుకి కూర్చోవాలో కూడా గుర్తు పెట్టించండి, తిరగేసి ప్రెస్ చేస్తే మెత్తగా ఉండాల్సిన దిక్కు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన దిక్కు మెత్తగా అయిపోతుంది. ప్రెస్ అంటే ప్రెస్సే, సుత్తి కాదు. వనస్థలిపురం ఆటోనగర్ వైపు, విజయవాడ ఆటోనగర్‌లో అయితే వీధికొకటి, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపులుంటాయి. బ్రాకెట్ విప్పి పట్టుకెళ్తే అయిపోతుంది. నూనె రాసి దించొద్దని వాళ్లకి చెప్పండి, సబ్బు నీళ్లు చాలు.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ముందు ఒక్కటే కాదు, నాలుగు చక్రాలదీ. బుష్ మార్చిన రోజు సాయంత్రం కాకుండా ఒక వంద కి.మీ. తిరిగాక చేయించండి.

పెట్టాక చూసుకోవడం గురించి. రబ్బరుకి మొదటి శత్రువు మన సర్వీస్ సెంటర్ల అలవాటే. వర్షాకాలం ముందు 'అండర్‌బాడీ వాష్' అని డీజిలో కిరసనాయిలో స్ప్రే కొట్టి, పైన పాత ఇంజన్ ఆయిల్ పులిమే గ్యారేజీలు ఇంకా ఉన్నాయి. రబ్బరు ఆ నూనె పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, స్లీవ్‌ని వదిలేస్తుంది. నీళ్లు, షాంపూ, అంతే. నల్ల రబ్బర్ కోటింగ్ కొట్టించేటప్పుడు బుష్‌ల మీద కాగితం చుట్టించండి, లేకపోతే తర్వాత చిరుగు కనిపించదు. డ్రైవ్ షాఫ్ట్ బూట్ చిరిగితే గ్రీజు నేరుగా వెళ్లి పక్కనున్న ఆర్మ్ బుష్ మీద పడుతుంది. బూట్ మార్చినప్పుడు ఆ గ్రీజు తుడవడం ఎవరికీ గుర్తుండదు, మీరు గుర్తుంచుకోండి.

డాగ్‌బోన్, రోల్ బార్ బుష్‌ల్లాంటి పాలీ భాగాలకి ఏటా వర్షాకాలం అయ్యాక ఒకసారి పని. వీటికి సెట్టుతో వచ్చే జిగురులాంటి సిలికోన్ గ్రీజు గానీ, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) కలిపినది గానీ వాడండి. వీల్ బేరింగ్‌కి వాడే ఎర్ర గ్రీజు పట్టుకొచ్చే మెకానిక్‌ని వారించండి. అది పక్కనున్న అసలు రబ్బరుని పాడు చేస్తుంది. విప్పినప్పుడు స్లీవ్ తీసి వేలితో తడమండి. గరుకు తగిలితే తుప్పు మొదలైంది. 400 నంబరు నీళ్ల కాగితంతో నునుపు చేసి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ వేయాలి. తుప్పు పట్టిన స్లీవ్ లోపల్నుంచి ఆకురాయిలా పాలీని అరగదీస్తుంది. కిచకిచకి డబ్ల్యూడీ-40 కొడితే రెండు రోజులు ఊరుకుంటుంది, మూడో రోజు ఉన్న గ్రీజు కూడా కడిగేసుకుని ఇంకా గట్టిగా అరుస్తుంది.

విశాఖ, కాకినాడ వైపు సముద్రం గాలిలో తిరిగే బండ్లకి ఒక అదనపు మాట. పాలీయురేతేన్‌లో పాలీఎస్టర్ రకం, పాలీఈథర్ రకం అని రెండున్నాయి. వేడి, తేమ రెండూ కలిసిన చోట పాలీఎస్టర్ రకం నీటితో విరిగిపోయి కొన్నేళ్లకి బెల్లం పాకంలా జిగటగా, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. పాలీఈథర్‌కి ఆ బాధ తక్కువ. పేరున్న బ్రాండ్ల వాళ్లని ఏ రకమో అడిగి కొనుక్కోవచ్చు. ఏ పేరూ లేని కవర్లో వచ్చేదానికి అడిగేదెవర్ని?

పీయూ (పాలీయురేతేన్) రాడ్ కొని లేత్ మీద బుష్‌లు తిప్పించుకుందామని సలహా ఇచ్చేవాళ్లు కూడా వస్తారు. రాణీగంజ్ వైపు తిరిగితే రాడ్ దొరుకుతుంది, మన లేత్ వాళ్ల చేయి కూడా మంచిదే. కానీ ఆ రాడ్లు ఎక్కువగా 90 షోర్‌వి, యంత్రాల రోలర్ల కోసం చేసినవి. రోల్ బార్‌కైతే సరదాగా ప్రయత్నించండి. 490 కిలోల బ్రేకు పట్టే చోట మాత్రం వద్దు.

ట్రాక్ విషయం. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.7 కి.మీ., 12 మలుపులు, ఏడాదికి రెండు రోజులు. ఆ రెండు రోజులకి మీకు అన్నిటికన్నా ముందు కావాల్సింది కొత్త బ్రేక్ ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు, టైర్లు. పైన చెప్పిన నిండు రబ్బరు సెట్టు దానికి సరిపోతుంది. ఒక సీజన్ తిరిగాక కూడా స్టీరింగ్ మెత్తగా అనిపిస్తే అప్పుడు ముందు ఆర్మ్ వెనక బుష్ ఒక్కదానికే ఊదా పాలీ వేసి చూడండి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది బాగు చేసిందో, ఏది చెడగొట్టిందో తెలీదు. నాకు తెలియకే వెనకవాటితో ఏడాది పోయింది.

ఈ ఆదివారం ఆ ఫోన్ వీడియో తీసి ఇక్కడ పెట్టండి, ఎడమదీ కుడిదీ రెండూ. బ్రాకెట్‌లో పిన్ను జారుతుంటే ఏ బుష్ తెప్పించాలో మాట్లాడుకుందాం. ఆర్మ్ కదలకుండా డ్రాప్ లింక్ మాత్రమే లొడలొడలాడుతుంటే, ముందు అది మార్పించండి. నేను రాసిందంతా వచ్చే ఏడాదికి దాచుకోండి.